బాణీకి కావలి

భద్రాచలం గొంతుతో పెట్రోలు బంకు యజమాని పద్యం పాడటం నేను మొదట చూసింది మా పక్క ఊరి తిరునాళ్ళలో. పాడటం అంటే పెదాలాడించడం. రాజు వేషం కట్టి, కిరీటం చెవి మీదికి జారుతుంటే ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చెయ్యి గాల్లోకి ఎత్తి నిలబడ్డాడు పూర్ణచంద్రరావు. స్పీకర్లలోంచి వస్తున్నది మాత్రం మా ఉప్పుటూరి భద్రాచలం గొంతు. దాని వెనక హార్మోనియం నాది. మేమిద్దరమూ స్టేజీ కింద, జనం మధ్య, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంటుందా!

నా పేరు మస్తాను. జీవితమంతా భద్రాచలం పక్కన హార్మోనియం వాయించినవాణ్ణి. మా నాటకం రాజ్యత్యాగం. మా ఊరి తెలుగు మాస్టారు ఎప్పుడో మాకోసమే రాసిచ్చాడు. ఆఖరి రంగంలో ఓడిపోయిన రాజు కోట విడిచిపోతూ, కోటగుమ్మం దగ్గర ఆగి, ఆ గుమ్మానికే సెలవు చెప్పుకుంటాడు. "సెలవొసంగుమింక కోటగుమ్మమా" అని ఎత్తుకుంటాడు భద్రాచలం. "గుమ్మమా" దగ్గర రాగం పైకి లాగీ లాగీ, వినేవాళ్ళకి ఊపిరాడని వేళ ఠక్కున ఆపేస్తాడు. అక్కడ నా వేళ్ళు కూడా ఆగాలి. తర్వాత కింది స్థాయిలో, ఏడుపు దిగమింగినట్టు, ఒక చిన్న విరుపు విరుస్తాడు. అంతే, పందిరి లేచిపోయేలా "వన్స్ మోర్" అని అరుస్తారు జనం.

పద్యనాటకంలో వన్స్ మోర్ అన్నారంటే ఆట ఆగాల్సిందే. చచ్చిపడిన పాత్రయినా లేచి ఇంకోసారి పాడి మళ్ళీ చావాలి. భద్రాచలం ఎన్నిసార్లు పాడినా రెండోసారి మొదటిసారిలా పాడేవాడు కాదు. విరుపు ఒక్కటే మారదు, దానికి వెళ్ళే దారి మారుతుంది. ఆ దారిలో వాడి వెంట పరిగెత్తలేక నేను స్టేజీ మీదే వాణ్ణి తిట్టుకున్న సందర్భాలున్నాయి. తిరునాళ్ళలో ఆ రోజు కూడా జనం వన్స్ మోర్ అన్నారు. పూర్ణచంద్రరావు ఫోనువైపు సైగ చేశాడు. ఫోను మళ్ళీ అదే పాడింది, పొల్లు పోకుండా. జనానికి అదే చాలింది.

ఆట అయ్యాక ఆయన రంగు కడుక్కోకుండానే మా దగ్గరికొచ్చాడు.

"ఏం భద్రాచలంగారూ, మీ పద్యం అదిరిపోయింది గదా! డౌన్‌లోడ్ చేశాం. నయాపైసా ఖర్చు లేదు."

"నన్ను పిలిస్తే నేనే వచ్చి పాడేవాణ్ణి గదండీ."

"మిమ్మల్ని పిలిస్తే మీతో హార్మోనియం, తబలా, తిండ్లు, బండి. ఎందుకొచ్చిన గోల? అయినా మీకిది పబ్లిసిటీ గాదా! ఊరూరా మీ గొంతే మోగుతోంది."

"గొంతు మోగుతోందండీ. ఇంట్లో పొయ్యే వెలగటంలా."

"అదేం మాటండీ. కళ దేవుడిచ్చింది. దేవుడిచ్చినదానికి రేటు కడతారా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ బంకులో పెట్రోలు కూడా దేవుడు భూమిలో పెట్టిందేగా. దానికి మీటరెందుకు పెట్టించారు?" అన్నాను. ఆయన నవ్వేసి, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. భద్రాచలం మాత్రం నవ్వలేదు. వాడి వెనకే నిలబడ్డాడు కొడుకు కేదార్. ఆ పిల్లాడికి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. అప్పుడు రెండు చెవులూ మిరపపళ్ళలా ఉన్నాయి.

భద్రాచలం పిల్లలిద్దరికీ రాగాల పేర్లే పెట్టుకున్నాడు. కొడుకు కేదార్, కూతురు మోహన. కొడుక్కి పద్యం నోటికి రాలేదు, కానీ చెవి మాత్రం పాము చెవి. ధ్వని శాస్త్రమేదో చదివి గుంటూరులో ఒక ప్రయోగశాలలో చేరాడు. కూతురికి అన్నం తినడం ఎంతో పద్యం పాడటం అంతే. అంట్లు తోముతూ సెలవు పద్యం అందుకుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి, "భద్రాచలం ఇంట్లోనే ఉన్నాడే" అనుకునేవాళ్ళు.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, మా విద్యలో నేర్చుకోవడమంటే అదే. భద్రాచలం కూడా వాళ్ళ గురువు వెనక ఏళ్ళ తరబడి వంత పాడి, ఆయన దగ్గే తన దగ్గు అయ్యేదాకా అనుకరించి పైకొచ్చినవాడే. కళ్ళు మూసుకుని వింటే అచ్చం వాళ్ళ గురువే అనిపించాడన్నదే మాలో పెద్ద మెప్పు. తన సొంతం అనేది ఆ తర్వాత, చాలా కాలానికి, అడక్కుండా వస్తుంది.

తిరునాళ్ళ అయిన కొన్నాళ్ళకి కేదార్ మమ్మల్ని గుంటూరు పిలిపించాడు. మేడమీద గది, గోడలకి నురగ దిండ్లు, బల్ల మీద టిఫిను డబ్బా అంత నల్ల పెట్టె. దాని మొహాన ఒక చిన్న లైటు.

"రికార్డుని పట్టుకోవడం తేలిక బాబాయ్," అన్నాడు నాతో. "అట్టా పట్టుకుంటే వీళ్ళు శ్రుతి కాస్త జరిపి, గొంతు రంగు కాస్త మార్చి, ఇది వేరే మనిషి పాడిందంటారు. అందుకని ఈ పెట్టెకి పాట కాదు, బాణీ నేర్పుతున్నా. నాన్న ఎక్కడ ఊపిరి తీస్తాడు, ఎక్కడ ఆగుతాడు, ఏ అక్షరం మీద బరువేస్తాడు, అవన్నీ. రేపు ప్రతి స్పీకర్లో, ప్రతి ఫోన్లో ఇలాంటిది ఒక చిన్న ముక్క ఉంటుంది. నాన్న బాణీ వినపడిందా, డబ్బు కడితేనే మోగుద్ది. లేకపోతే నోరు మూసుకుంటుంది."

"కుక్కని కాపలా పెట్టినట్టు," అన్నాను.

"కావలి బాబాయ్. పేరు కూడా అదే పెట్టా."

భద్రాచలం వారాల తరబడి ఆ గదిలో కూర్చుని పాడాడు. జలుబు చేసినప్పుడు, నవ్వుతూ, కోపంగా, తాంబూలం నమిలి, నమలకుండా పాడించాడు కొడుకు. పెట్టె వాడి గొంతుకి పచ్చగా వెలగడం నేర్చుకుంది. పచ్చ అంటే హక్కున్న గొంతో, ఆ బాణీ ఛాయలే లేని గొంతో, పోనివ్వచ్చని. ఎరుపు అంటే ఆ బాణీని ఎత్తుకున్న దొంగ గొంతు. అనుకరించేవాళ్ళని తెచ్చి పాడిస్తే సగం మందికి ఎర్రగా వెలిగింది, సగం మందికి పచ్చగా వెలిగి మోసపోయింది. కేదార్ తల పట్టుకున్నాడు.

"మంచి దొంగ దొరకాలి నాన్నా. నిన్ను అచ్చుగుద్దినట్టు పాడేవాడు. అట్టాంటి గొంతుని వేరు చెయ్యడం నేర్చుకుంటే ఇంక ఎవడొచ్చినా పట్టేసుద్ది."

భద్రాచలం మీసం దువ్వుకున్నాడు. "అంత మంచి దొంగ లోకంలో ఒక్కతే ఉంది. మనింట్లోనే ఉంది."

మర్నాడు మోహనని తీసుకొచ్చాడు. ఆ పిల్ల చెప్పులు బయట విడిచి, పెట్టెకి నమస్కారం పెట్టి, సెలవు పద్యం ఎత్తుకుంది. పచ్చ లైటు. మళ్ళీ పాడింది. పచ్చ లైటు. భద్రాచలం ఆనందం చూడాలి! తొడలు చరుచుకుంటూ, "చూశావురా మస్తానూ, మిషన్ని కూడా బోల్తా కొట్టించింది," అని గది దద్దరిల్లేలా నవ్వాడు. కేదార్ నవ్వలేదు. ఒకసారి తండ్రిని, ఒకసారి చెల్లెల్ని పాడించి, ఇద్దరి మధ్యా వెంట్రుకవాసి తేడాలేమున్నాయో పెట్టెకి నేర్పించాడు. రోజులు పట్టింది. చివరికొక పొద్దున మోహన "గుమ్మమా" అని రాగం అందుకోగానే లైటు ఎర్రబడింది.

"దొంగ దొరికింది!" అని అరిచాడు భద్రాచలం. నన్ను పంపించి మిఠాయి తెప్పించాడు. కూతురి నోట్లో లడ్డూ కుక్కి, "దొంగా, ఇంక నీ ఆటలు సాగవే," అన్నాడు. అప్పట్నించి ఇంట్లో దాని ముద్దుపేరు అదే అయిపోయింది. దొంగా, మంచినీళ్ళు తే. దొంగా, భోంచేశావా.

ఒప్పందం రాసుకునేటప్పుడు, అనుకరించి పాడేవాళ్ళ సంగతేం చెయ్యమంటావని అడిగాడు కేదార్. తిరునాళ్ళ మంట ఇంకా ఆరలేదు భద్రాచలానికి. "నా రికార్డు వేసుకుంటే డబ్బు తీసుకుని వెయ్యనీ. కానీ నాలాగా పాడి తన గొంతని చెప్పుకునేవాడి నోరు మాత్రం నొక్కెయ్. ఎంత కట్టినా సరే," అన్నాడు. ఆ పెట్టెని స్పీకర్లలోకీ ఫోన్లలోకీ ఎక్కించే స్వరనిధి అనే కంపెనీ ఆ షరతుని యథాతథంగా రాసుకుంది. మిగతా కళాకారులకీ ఆ షరతే నచ్చింది. నచ్చదా మరి, అందరి కడుపూ కాలే ఉంది.

నిజం చెప్పొద్దూ, ఆ రోజులు బాగున్నాయి. టీకొట్టువాడు పద్యం పెట్టినా, పెళ్ళివాళ్ళు పెట్టినా భద్రాచలం ఫోను టింగుమనేది. వాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు. ఇంటికి పైకప్పు మారింది. నా హార్మోనియానికి కొత్త తిత్తి వచ్చింది. బుర్రకథ చెప్పుకునే మంగతాయారు చీరాల నుంచి ఫోను చేసి, "కేదారు బాబూ, కూతురి కాలేజీ ఫీజు కట్టాను నాయనా, నీ పెట్టె చల్లగుండ," అని ఏడ్చింది. పూర్ణచంద్రరావు కూడా కిమ్మనకుండా డబ్బు కట్టి పద్యం పెట్టుకున్నాడు. భద్రాచలం శిష్యులమంటూ ఊరికి పదిమంది చొప్పున దరఖాస్తులు పెట్టి, మమ్మల్ని వదిలెయ్యమన్నారు. వాళ్ళలో వాడెప్పుడూ మొహం చూడనివాళ్ళే ఎక్కువ. శిష్యులనీ చుట్టాలనీ ఎవరికీ మినహాయింపు లేదని కంపెనీ తేల్చేసింది. సరైన పని చేశారన్నాం మేమిద్దరం.

ఆ తర్వాత భద్రాచలానికి పక్షవాతం వచ్చింది. మాట నెమ్మదిగా తిరిగొచ్చింది. పద్యం రాలేదు. రాగం తీయబోతే పెదవి ఒక పక్కకి లాగేసేది. వాడు రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి నా హార్మోనియం మీద చెయ్యి వేసి మూసేశాడు. అది చూసి నేను వాకిట్లోకి వచ్చి ఏడ్చాను.

నాటక పరిషత్తు పోటీలు దగ్గరపడ్డాయి. రాజు వేషం ఎవరు కడతారని అడిగారు. భద్రాచలం మంచం మీద నుంచే కూతురి వైపు చెయ్యి చూపించాడు. వాడి కిరీటం, వాడి కత్తి, వాడి అంగరఖా పక్కలు కుట్టించి మోహనకి తొడిగాం. హాలు నిండా జనం. నేను శ్రుతి ఇచ్చాను. మొదటి పద్యాలు బాగానే జరిగాయి. అవి రాణితో కలిసి పాడేవి, అక్కడ పెట్టెకి అనుమానం రాలేదు. ఆఖరి రంగం వచ్చింది. మోహన గుమ్మం ముందు నిలబడి, "సెలవొసంగుమింక" అని ఎత్తుకుంది. నాకు పక్కన భద్రాచలమే నిలబడ్డాడనిపించింది.

"కోటగుమ్మ" దగ్గర మైకు చచ్చిపోయింది.

స్పీకర్ల మీద లైట్లు వరసగా ఎర్రబడ్డాయి. నా వేళ్ళు హార్మోనియం మెట్ల మీదే ఉండిపోయాయి. మోహన ఒక్క క్షణం తడబడి, మైకు లేకుండానే పాడసాగింది. ముందు వరసలవాళ్ళు విన్నారు. వెనకవాళ్ళకి కనపడింది ఎర్ర లైట్లే. "దొంగ గొంతు! దిగిపో!" అని ఎవడో అరిచాడు. ఆ అరుపుని ఇంకో పదిమంది అందుకున్నారు. వన్స్ మోర్ అని అరిచే నోళ్ళే అవి. పిల్ల పద్యం పూర్తి చేసింది. కిరీటం తీసి చేత్తో పట్టుకుని దిగింది. తండ్రి సెలవు పద్యం తండ్రి కిరీటంతో పాడితే దొంగ అన్నారు!

ఇంటికొచ్చాక కేదార్ మీద విరుచుకుపడ్డాను. "ఏందిరా ఇది? చెల్లెలు నోరు తెరవడానికి నీ పెట్టె పర్మిషన్ కావాలా? దాని పేరు మీద వదిలెయ్యమని ఆ డబ్బాకి చెప్పలేవా?"

కేదార్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "చెప్పలేను బాబాయ్. చూశా. మైకు ఆగినప్పట్నించి అదే చూస్తున్నా."

"ఏం, చేతులు పడిపోయాయా?"

"ఆ రోజు పెట్టె నేర్చుకుంది నాన్న గొంతుని కాదు. నాన్నకీ మోహనకీ మధ్య ఉన్న గీతని. అసలుకీ అనుకరణకీ తేడా అంటే ఏందో దానికి తెలిసింది ఈ పిల్ల దగ్గరే. అదే పాఠం ఇవాళ దేశంలో ఉన్న పెట్టెలన్నిట్లో ఉంది. మంగతాయారుని కాపు కాసేది కూడా ఆ గీతే. దాన్ని చెరిపి మోహనని పోనిస్తే, మోహనలా పాడేవాడల్లా పోతాడు. అందరి కావలీ ఒక్కసారే గుడ్డిదైపోద్ది."

"అయితే ఇంకొక దొంగని పెట్టి మళ్ళీ నేర్పు."

"ఇంకొకరు లేరు బాబాయ్. ఉంటే ఆ రోజే తెచ్చేవాళ్ళం గదా." చెవులు ఎర్రబడలేదు ఈసారి. రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "షరతన్నా మార్చమని కంపెనీని అడిగా. నవ్వారు. పెట్టినవాళ్ళు మీరేగా అన్నారు."

భద్రాచలం మంచం మీద నుంచి అంతా వింటున్నాడు. "ఎంత కట్టినా సరే... నోరు నొక్కెయ్... అన్నా," అని ముక్కలు ముక్కలుగా అన్నాడు. "నేనేరా... అన్నది." తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మోహన తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని కిరీటానికి ఊడిన పూసలు కుడుతోంది. సూది పక్కన పెట్టి, "పెట్టె జోలికి పోబాక అన్నయ్యా," అంది. "మంగతాయారత్త పిల్లకి ఇంకో ఏడు చదువుంది. నేనే మారతాను. ఎక్కడ దొరికిపోతున్నానో చూపించు, అది తీసేస్తా."

"తీసేస్తే ఏముంటదే?" అన్నాను నేను.

"చూద్దాం బాబాయ్. నాకు పాడకుండా ఉండటం రాదు. ఇదొక్కటే దారి."

అలా మొదలైంది ఆ దిక్కుమాలిన సాధన. మొదటి నల్ల పెట్టెని కేదార్ ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు. పొద్దున్నే నేను శ్రుతి పట్టేవాణ్ణి, మోహన పాడేది, లైటు ఎర్రబడేది. ఎక్కడ ఎర్రబడిందో అక్కడ ఆపి, మార్చి, మళ్ళీ పాడేది. ముందు విరుపు పోయింది. విరవాల్సిన చోట సాఫీగా జారడం నేర్చుకుంది. తర్వాత ఆ ఆగడం పోయింది. తర్వాత ఊపిరి. తండ్రి మాట మధ్యలో ఊపిరి తీసుకునేవాడు, మాస్టార్లు వద్దన్నా వినేవాడు కాదు. ఈ పిల్ల మాట పూర్తయ్యాక తీసుకోవడం అలవాటు చేసుకుంది. "ళ" పలకడంలో భద్రాచలానికి నాలుక కాస్త బరువు. దాన్ని కూడా వదల్లేదు ఆ పెట్టె. పిల్ల దాన్నీ ఒలిచి పారేసింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాన్లు ఒక్కొక్కటే బయట పెడతామే, అలా పెడుతూ పోయింది. ఆ సామాన్లు బయటికి మోసిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి. "ఇక్కడ ఇంకా మీ నాన్న ఉన్నాడమ్మా," అని చెప్పాల్సినవాణ్ణి నేనే మరి.

భద్రాచలం అవతల గదిలో మంచం మీద ఉండేవాడు. తలుపు వెయ్యమని ఎప్పుడూ అనలేదు.

వానలు వెనకపట్టాక ఒక పొద్దున పద్యం మొదటి నుంచి చివరిదాకా పచ్చ లైటు మీద సాగింది. ఎవరమూ మిఠాయి తెప్పించలేదు. మోహన చీర కొంగుతో మొహం తుడుచుకుని, బియ్యం కడగడానికి వెళ్ళింది.

మరుసటి ఏడు అదే పరిషత్తులో అదే వేషం కట్టింది. స్పీకర్లన్నీ పచ్చగా ఉన్నాయి. బాగా పాడింది, ఆ మాట కాదనను. తేటగా, నీళ్ళలా పాడింది. వన్స్ మోర్ కూడా పడింది. కొత్త బాణీ అని పేపర్లో రాశారు. భద్రాచలాన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాం. ఆట అయ్యాక మోహన వేషంతోనే వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టింది. వాడు తల మీద చెయ్యి పెట్టి, "బాగా పాడావమ్మా," అన్నాడు. పరాయి ట్రూపు పిల్లలు వచ్చి దణ్ణం పెడితే వాడు ఎప్పుడూ అనే మాట అది. ఆ రోజు తర్వాత వాడు కూతుర్ని దొంగా అని పిలవగా నేను వినలేదు.

తర్వాత మోహనకి ఊపిరి సలపనన్ని నాటకాలు. కేదార్ ప్రయోగశాల మానేశాడు. ఇంటి దగ్గరే ఉండి తండ్రికి అన్నం తినిపించడం, కాళ్ళు పట్టడం వాడి పని. ఫోను మాత్రం టింగు టింగుమంటూనే ఉండేది. భద్రాచలం దాన్ని దిండు కింద పెట్టి, దాని మీద తలపెట్టి పడుకునేవాడు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం నన్ను రమ్మని కబురొచ్చింది. వెళ్ళేసరికి మంచం వసారాలోకి మార్చారు. డాక్టరు చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోయాడు. మోహన మంచం పట్టె మీద కూర్చుని విసనకర్రతో విసురుతోంది. భద్రాచలం నన్ను చూసి, హార్మోనియం వైపు కళ్ళతో చూపించాడు. తెచ్చి ముందు పెట్టుకున్నాను.

"సెలవు పద్యం... పాడమ్మా," అన్నాడు కూతురితో. "నాలాగా."

కేదార్ ఫోను తీశాడు. "నీ రికార్డు పెట్టమంటావా నాన్నా? పరిషత్తులో పాడింది, బంగారు పతకం వచ్చినప్పటిది..."

"అది నేనేరా." వాడికి ఊపిరి అందడం లేదు. "నేను... పోతన్నాగా. నా తర్వాత... ఏముందో... విననీ."

మోహన విసనకర్ర పక్కన పెట్టింది. "అన్నయ్యా, ఆ పెట్టె ఇటు తెచ్చి పెట్టు," అంది.

"ఇప్పుడెందుకే అది?"

"నాన్న చెవులు నన్ను క్షమిస్తాయి. అది క్షమించదు."

గూట్లోంచి నల్ల పెట్టె తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు కేదార్. దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా దాని మొహాన ఉంది. నేను శ్రుతి ఇచ్చాను. మోహన కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

గొంతు బాగుంది. నిండుగా ఉంది. "సెలవొసంగుమింక" అనేసరికి నాకు ఆశ పుట్టింది. "కోటగుమ్మమా" దగ్గర రాగం పైకి వెళ్ళింది. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ భద్రాచలం ఆగేచోట నా వేళ్ళు ఆగిపోయాయి. పిల్ల గొంతు ఆగలేదు. నన్ను దాటుకుని, సాఫీగా, నీళ్ళలా జారిపోయింది. తనే తెలుసుకుని ఆపేసింది. పెట్టె వైపు చూశాం అందరం. పచ్చ లైటు.

"ఇంకోసారి బాబాయ్," అంది. ఇంకోసారి ఇచ్చాను. ఈసారి ఆగాల్సిన చోట ఆగింది, నిజమే. కానీ అది లెక్క పెట్టుకుని ఆగడం. విరుపు కోసం వెతుక్కుంది. గొంతులో అటూ ఇటూ తడుముకుంది. చీకట్లో సొంత ఇంట్లో స్విచ్చి కోసం తడుముకుంటామే, అలాగ. అది దొరకలేదు. పచ్చ లైటు.

మోహన పెదవి కొరుక్కుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. భద్రాచలం పెదాలు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"వన్స్... మోర్," అంటున్నాడు.

జీవితమంతా జనం చేత అనిపించుకున్నవాడు, తను అనగా నేను వినడం అదే మొదలు. పిల్ల మళ్ళీ ఎత్తుకుంది. కేదార్ స్టూలు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తను చేసిన పెట్టెని రెండు చేతులా పట్టుకుని, "వెలగవే... ఒక్కసారి ఎర్రగా వెలగవే తల్లీ... మా నాన్న ఎక్కడో ఉంటాడు, సరిగ్గా వినవే," అని గొణుగుతున్నాడు. దేవుడి ముందు కూడా వాడు అంతగా మొక్కగా చూడలేదు నేను. పద్యం అయిపోయింది. పచ్చ లైటు రెప్ప కూడా వెయ్యలేదు.

హార్మోనియం తిత్తిలో మిగిలిన గాలి మెల్లగా పోయింది. మోహన తండ్రి చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది.

"నన్ను దొంగా అను నాన్నా," అంది. "ఒక్కసారి అను. నీ నోటితో అను."

భద్రాచలం కూతురి మొహం చూశాడు. పెట్టె వైపు చూశాడు. మళ్ళీ కూతురి వైపు చూశాడు. వాడు అబద్ధం ఆడలేని విషయం లోకంలో ఒక్క శ్రుతే. కూతురి జుట్టు సవరించి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, "బాగా పాడావమ్మా," అన్నాడు.